డ్రాయింగ్ టీచర్ కావాలంటే: చదువు, దారులు, మనం చేయగల సాయం

ఏటా ఇంటర్ ఫలితాలు వచ్చాక సహాయం కోరుతూ వచ్చే దరఖాస్తులు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. ఇంజనీరింగ్, నర్సింగ్, ఫార్మసీ, డి.ఎడ్., బి.ఎడ్. ఈ చదువుల పేర్లు దాతలందరికీ తెలుసు. ఎంత ఖర్చవుతుందో, చదివాక ఏ ఉద్యోగం వస్తుందో ఒక అంచనా ఉంటుంది. అందుకే సంతకం త్వరగా పడుతుంది. ఎప్పుడో ఒకసారి బి.ఎఫ్.ఏ. అని రాసిన దరఖాస్తు వస్తుంది. అప్పుడు పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. "బొమ్మలు గీయడానికి నాలుగేళ్ల చదువా? దానికి మనం డబ్బులిచ్చేదా?" అన్న ప్రశ్న వస్తుంది.

ఆ ప్రశ్న అడగడంలో తప్పేమీ లేదు. దాతల డబ్బు అమానత్. ప్రతి రూపాయికీ లెక్క చెప్పాలి. అయితే లెక్క చెప్పడానికి ముందు ఆ చదువు ఏమిటో తెలియాలి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల్లో చేయి తిరిగిన పిల్లలు ఎందరో ఉన్నారు. వారిలో బడిలో చిత్రకళ బోధించే ఉపాధ్యాయులు కాదలచిన వారికి ఏ దారులున్నాయి, ఎక్కడ చదవాలి, ఏం నేర్పుతారు, ఉద్యోగాల సంగతి ఏమిటి, మన సాయం ఎక్కడ అక్కరకొస్తుంది అన్నవి వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బడిలో డ్రాయింగ్ ఎందుకు?

చాలా బడుల్లో డ్రాయింగ్ పీరియడు టైంటేబుల్లో మాత్రమే ఉంటుంది. పరీక్షలు దగ్గర పడగానే ఆ పీరియడు లెక్కల మాస్టారి చేతికో సైన్సు టీచరు చేతికో పోతుంది. అసలు డ్రాయింగ్ టీచరే లేని బడులు ఇంకా ఎక్కువ కనిపిస్తాయి. కానీ చట్టం కళను పక్కన పెట్టలేదు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో 6 నుంచి 8 తరగతుల గురించి ఒక నిబంధన ఉంది. వందమందికి మించి పిల్లలున్న బడిలో పూర్తికాలపు ప్రధానోపాధ్యాయుడితో పాటు కళావిద్యకు, ఆరోగ్య వ్యాయామ విద్యకు, పని విద్యకు పార్ట్‌టైం బోధకులు ఉండాలని అది చెబుతుంది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పదో తరగతి వరకు కళలు ఒక పాఠ్యాంశంగా ఉండాలన్నది. జాతీయ విద్యావిధానం 2020 పాఠ్యాంశాలకూ సహపాఠ్యాంశాలకూ మధ్య గోడ వద్దన్నది. ఆ తర్వాత 2024లో ఎన్.సి.ఇ.ఆర్.టి. మూడో తరగతికి 'బాంసురీ', ఆరో తరగతికి 'కృతి' అనే కళల పాఠ్యపుస్తకాలు తెచ్చింది. పుస్తకం వచ్చిందంటే దాన్ని బోధించేవారు కావాలి.

మంచి డ్రాయింగ్ టీచరు చేసే పని బొమ్మలు నేర్పడంతో ఆగదు. ఏడో తరగతి పిల్లవాడు గుండె పటం సరిగా గీయలేకపోతే జీవశాస్త్రంలో మార్కు పోతుంది. భారతదేశ పటంలో నదిని ఎక్కడ గుర్తించాలో చేతికి రాకపోతే సాంఘికశాస్త్రంలో పోతుంది. వృత్తలేఖినితో గీత చక్కగా రాని పిల్లలకు జ్యామితి భయంగా మారుతుంది. చూసిన దాన్ని నిదానంగా, కొలతతో, క్రమంగా కాగితం మీద పెట్టడం అన్ని పాఠాలకూ పనికొచ్చే అలవాటు. మాటల్లో చెప్పుకోలేని పిల్లలు, ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగో ఇంగ్లీషో అయి మధ్యలో నలిగే పిల్లలు, బొమ్మ ద్వారా మొదటిసారి తమ సంగతి చెప్పుకోవడం నాతో పనిచేసే టీచర్లు అందరూ చూసే విషయమే.

జాకిర్ హుసేన్ గారి మాట ఎందుకు గుర్తుచేసుకోవాలి?

చేతిపని, కళ చదువులో భాగమన్న ఆలోచన మనకు పరాయిది కాదు. భారత రాష్ట్రపతిగా పనిచేసిన డాక్టర్ జాకిర్ హుసేన్ 1897లో హైదరాబాదులో పుట్టారు. ఆయన 1926 నుంచి 1948 వరకు జామియా మిల్లియా ఇస్లామియాకు వైస్ ఛాన్సలర్‌గా ఉన్నారు. 1937లో గాంధీజీ వార్ధాలో విద్యా సమావేశం జరిపినప్పుడు పాఠ్యప్రణాళిక తయారు చేసే కమిటీకి అధ్యక్షత వహించింది ఆయనే. పిల్లలు ఏదో ఒక చేతిపని కేంద్రంగా చదువు నేర్చుకోవాలన్న 'నయీ తాలీమ్' రూపురేఖలు ఆ కమిటీ నివేదికలో ఉన్నాయి. అదే నయీ తాలీమ్ కోసం సేవాగ్రామ్ బడిలో శాంతినికేతన్‌లో చదివిన దేవీప్రసాద్ కళ బోధించారు. పిల్లల చిత్రాల మీద ఆయన చేసిన పనిని ఇప్పటికీ బి.ఎడ్. తరగతుల్లో చెప్పుకుంటారు.

మన తెలంగాణలోనే మరో ఉదాహరణ ఉంది. సిద్దిపేటలో 1925లో పుట్టిన కాపు రాజయ్య దేశమంతా పేరు తెచ్చుకున్న చిత్రకారుడు. నకాషీ బొమ్మల తీరును తన చిత్రాల్లోకి తెచ్చిన ఆయన జీవనం కోసం చేసిన ఉద్యోగం బడిలో డ్రాయింగ్ టీచరు పని. ఊరు విడిచి పోకుండా, బడిలో పాఠం చెబుతూనే అంతటివాడు కాగలిగాడన్న సంగతి మన పిల్లలకు చెప్పదగినది.

మొదటి దారి: లోయర్, హయ్యర్, టి.టి.సి.

అన్నిటికంటే తక్కువ ఖర్చుతో ఇంటి దగ్గరే ఉండి మొదలుపెట్టగల దారి ఇది. రాష్ట్ర ప్రభుత్వ పరీక్షల విభాగం టెక్నికల్ సర్టిఫికెట్ కోర్సు కింద డ్రాయింగ్‌లో లోయర్ గ్రేడ్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు నిర్వహిస్తుంది. టైలరింగ్, ఎంబ్రాయిడరీలకు కూడా ఇవే పరీక్షలున్నాయి కనుక మన ఇళ్లలో ఆడపిల్లలకు 'లోయర్', 'హయ్యర్' అన్న మాటలు కొంత పరిచయమే. వస్తువును చూసి గీయడం, డిజైన్ వేయడం, జ్యామితి రేఖాచిత్రాలు, రంగులు వేయడం వంటివి ఇందులో ఉంటాయి. ముందు లోయర్, తర్వాత హయ్యర్ పాసవ్వాలి.

సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన బోధన రాదు. అందుకే టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్ కోసం 42 రోజుల వేసవి శిక్షణ ఇస్తారు. పాఠ్యప్రణాళిక రాసుకోవడం, తరగతి గదిని నడపడం, పిల్లల మనస్తత్వం ఇందులో నేర్పుతారు. ఈ శిక్షణ పూర్తయితే ప్రైవేటు బడుల్లో డ్రాయింగ్ టీచరుగా చేరడానికి ఒక ఆధారం దొరుకుతుంది. పెళ్లై ఇంటిపట్టున ఉండే మహిళలు, డిగ్రీ మధ్యలో ఆపేసినవారు కూడా ఈ దారిలో నడవగలరు.

రెండో దారి: బి.ఎఫ్.ఏ.

ఇంటర్ తర్వాత విశ్వవిద్యాలయంలో నాలుగేళ్లు చదివే డిగ్రీ ఇది. పేరు బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్. మన రాష్ట్రంలో దీనికి ముఖ్యమైన చోటు హైదరాబాదు మాసబ్‌ట్యాంకులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం. ఇక్కడి కళాశాల పాతదే. దానికి 2008లో ప్రత్యేక విశ్వవిద్యాలయ హోదా వచ్చింది. పెయింటింగ్, అప్లైడ్ ఆర్ట్, శిల్పం, ఫొటోగ్రఫీ, యానిమేషన్ విభాగాలున్నాయి. ప్రవేశానికి ఎఫ్.ఏ.డి.ఇ.ఇ. అనే పరీక్ష రాయాలి. అందులో ఆబ్జెక్టివ్ ప్రశ్నలతో పాటు జ్ఞాపకం నుంచి బొమ్మ గీయడం, రంగులు వేయడం చూస్తారు. ఎంసెట్‌కు చదివినట్టు పుస్తకం బట్టీ పడితే ఈ పరీక్ష గట్టెక్కదు. కనీసం ఏడాది పాటు రోజూ గీసిన చేయి కావాలి.

ఇక్కడే మన పిల్లలు వెనుకబడుతున్నారు. ఎంపీసీ, బైపీసీ కోచింగు మన మూడు పట్టణాల్లో గల్లీకొకటి ఉంది. డ్రాయింగ్ పరీక్షకు సిద్ధం చేసేవారిని వెతుక్కోవాలి. పరీక్ష ఒకటుందన్న సంగతి గడువు దాటాక తెలుసుకునే పిల్లలే ఎక్కువ.

బి.ఎఫ్.ఏ.లో ముందుగా గీతకు పునాది వేస్తారు. నిశ్చల వస్తువులు, చెట్లు, మనుషులు, కట్టడాలు చూసి గీయడం, దూరం దగ్గర కాగితం మీద చూపే పద్ధతి, వెలుగు నీడలు, నీటిరంగులు, తైలవర్ణాలు, మట్టితో రూపాలు చేయడం నేర్పుతారు. అజంతా నుంచి ఆధునిక చిత్రకళ వరకు కళాచరిత్ర ఉంటుంది. దక్కనీ చిత్రాలు, మొఘల్ సూక్ష్మచిత్రాలు అందులో భాగమే. పై చదువుకు హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూలులో చిత్రకళ, శిల్పం, ప్రింట్‌మేకింగ్, కళాచరిత్రల్లో పి.జి. ఉంది.

మూడో దారి: కళాబోధనకే ప్రత్యేకమైన డిగ్రీ

చిత్రకారుడు కావడానికి చదివే చదువు వేరు, చిత్రకళ బోధించడానికి చదివే చదువు వేరు. ఈ తేడాను గుర్తించి కళావిద్యకే ఒక విభాగం నడుపుతున్న విశ్వవిద్యాలయాల్లో ఢిల్లీలోని జామియా మిల్లియా ఇస్లామియా ఒకటి. అక్కడ బి.ఎఫ్.ఏ.లో ఆర్ట్ ఎడ్యుకేషన్ శాఖ ఉంది. ప్రవేశ పరీక్ష రాసి చేరాలి. దూరం ఎక్కువే. అయినా ఇంగ్లీషు, ఉర్దూ వచ్చిన మన పిల్లలకు అక్కడ భాష అడ్డంకి కాదు.

కళాబోధన చదివినవారికి తెలియవలసిన ముఖ్యమైన సంగతి పిల్లల ఎదుగుదల. విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అనే విద్యావేత్త 1947లో రాసిన పుస్తకంలో పిల్లల బొమ్మల్లోని దశలను వివరించాడు. రెండేళ్ల నుంచి నాలుగేళ్ల వరకు పిచ్చిగీతలు. తర్వాత పెద్ద తల, కర్రల్లాంటి కాళ్లతో మనిషి. ఏడేళ్లు దాటాక నేల గీత, దాని మీద వరుసగా ఇల్లు, చెట్టు. తొమ్మిది పదేళ్లు వచ్చాక ఉన్నది ఉన్నట్టు గీయాలన్న తపన మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే "నాకు బొమ్మలు రావు" అని చాలామంది పెన్సిలు వదిలేస్తారు. ఆ వయసులో పక్కన నిలబడి ఎలా చూడాలో చూపే టీచరు ఉంటే పిల్లలు ముందుకు పోతారు. ఇది తెలియని టీచరు నల్లబల్ల మీద ఒక మామిడికాయ గీసి నలభైమందినీ అదే మామిడికాయ గీయమంటాడు.

బి.ఎఫ్.ఏ. చదివి తర్వాత బి.ఎడ్. చేయాలనుకునేవారికి ఒక హెచ్చరిక. ఆ ఏటి ఎడ్‌సెట్ ప్రకటనలో తమ డిగ్రీకి అర్హత ఉందో లేదో, ఏ మెథడాలజీ దొరుకుతుందో ముందే చదివి చూసుకోవాలి. ఫీజు కట్టాక చూసుకోవడం మంచిది కాదు.

ఉద్యోగాల సంగతి ఉన్నదున్నట్టు

దాతలకు అందమైన మాటలు చెప్పి సాయం అడగకూడదు. ప్రభుత్వ బడుల్లో డ్రాయింగ్ టీచరు ఉద్యోగాలు అరుదు. 2024లో మన రాష్ట్రంలో 11,062 పోస్టులతో డీఎస్సీ వచ్చింది. స్కూల్ అసిస్టెంట్లు, ఎస్జీటీలు, భాషా పండితులు, పీఈటీలు, ప్రత్యేక అవసరాల పిల్లల టీచర్లు అందులో ఉన్నారు. డ్రాయింగ్ టీచరు అన్న వరుస లేదు.

మరోవైపు గురుకులాలు వేరుగా ఉన్నాయి. 2023లో గురుకుల నియామక బోర్డు ఇచ్చిన ప్రకటనల్లో ఆర్ట్ టీచరు పోస్టులు నూరుకు పైగా ఉన్నాయి. క్రాఫ్టు, సంగీతం పోస్టులు కూడా వేరే వచ్చాయి. 2016లో 71 బడులతో మొదలై 204 బడులకు పెరిగిన మైనారిటీ గురుకులాలు మన పిల్లలు చదివే చోట్లే. కేంద్రీయ విద్యాలయాల్లో ఆర్ట్ ఎడ్యుకేషన్ టీజీటీ పోస్టుంది. దానికి చిత్రకళలో ఐదేళ్ల డిప్లొమా గానీ దానికి సమానమైన డిగ్రీ గానీ అడుగుతారు. నవోదయ విద్యాలయాల్లోనూ ఆర్ట్ టీచరు ఉంటారు. ఈ పోస్టులు ఎప్పుడు పడతాయో ముందుగా చెప్పలేం. పడినప్పుడు అర్హత ఉన్నవారికే దక్కుతాయి. ప్రకటన వచ్చాక నాలుగేళ్ల డిగ్రీ తెచ్చుకోవడం ఎవరివల్లా కాదు.

ప్రైవేటు బడుల్లో అవకాశాలు ఎక్కువ, జీతాలు తక్కువ. చాలామంది ఉదయం రెండు బడుల్లో, సాయంత్రం ట్యూషన్లలో చెప్పి సంసారం నెట్టుకొస్తారు. అయితే బి.ఎఫ్.ఏ.కు ఇంకొక వెసులుబాటు ఉంది. బోధన దొరకకపోతే పుస్తకాల బొమ్మలు, ప్రకటనల డిజైన్, యానిమేషన్, వస్త్రాల డిజైన్ వైపు పోవచ్చు. లోయర్, హయ్యర్ సర్టిఫికెట్లకు అంత వెసులుబాటు లేదు.

ఒకప్పుడు మన పట్టణాల్లో దుకాణాల బోర్డులు, లారీల వెనుక పువ్వులు, గోడమీద ప్రకటనలు రాసేవారిలో మనవాళ్లు చాలామంది. బోర్డు మూలన చిన్న అక్షరాల్లో పేరు రాసుకునేవారు. ఫ్లెక్సీ మిషన్లు వచ్చాక ఆ పని పోయింది. ఉర్దూ కాతిబులకు కంప్యూటరు వచ్చాక అదే జరిగింది. చేతిలో విద్య ఉండి కాగితం మీద అర్హత లేకపోతే ఏమవుతుందో ఈ కుటుంబాలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ ఇళ్ల పిల్లల చేతుల్లో ఆ నేర్పు ఇంకా ఉంది. దాన్ని డిగ్రీగా మార్చే దారి చూపడమే మిగిలింది.

ఇంట్లో వచ్చే అభ్యంతరాలు

మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో పనిచేసే తండ్రి తన కూతురి గురించి నాతో అన్న మాట: "సార్, పోరి బొమ్మలు మంచిగనే ఏస్తది. ఏసి ఏం తింటది?" నేను ఆయనకు చెప్పింది ఇదీ: "భాయ్, ఏసుడు ఒక్కటే అయితే మీరన్నదే నిజం. ఏసుడు నేర్పే సర్టిఫికెట్ చేతికొస్తే బడిల కూర్చొని తింటది." ఆయన వెంటనే ఒప్పుకోలేదు. లోయర్ పరీక్ష ఫీజు మాత్రం కట్టారు.

రెండో అభ్యంతరం దీన్‌కు సంబంధించినది. ప్రాణుల రూపాలు గీయడం గురించి ఉలమాలలో అభిప్రాయభేదాలున్నాయి. దాన్ని తేల్చే అర్హత నాకు లేదు. సందేహం ఉన్న కుటుంబం తమ ఆలింను అడిగి నిర్ణయించుకోవాలి. విద్యార్థి ఒక సంగతి ముందే తెలుసుకుని ఉండాలి. పెయింటింగ్ డిగ్రీలో మనుషులను గీయడం ఉంటుంది. చేరాక ఇబ్బంది పడేకంటే ముందే ఆలోచించుకోవడం మేలు. అది వద్దనుకున్నవారికి తలుపులన్నీ మూసుకుపోవు. ఖత్తాతీ, జ్యామితి అల్లికలు, పూలతీగల డిజైను మన సంస్కృతిలో శతాబ్దాలుగా పెరిగిన కళలు. 1591 నాటి చార్మినార్ గచ్చు పనిలో, బాద్షాహీ ఆషుర్‌ఖానా రంగుల పలకల్లో, బీదరు వెండి పొదుగు పాత్రల్లో ఉన్నది అదే. ఉర్దూ భాషాభివృద్ధి జాతీయ మండలి ఖత్తాతీ, గ్రాఫిక్ డిజైన్ కలిపి డిప్లొమా నడిపిస్తోంది.

మన చుట్టూ చూడటానికి, గీయడానికి కొరత లేదు. సూర్యాపేట పక్కనే పిల్లలమర్రిలో కాకతీయుల కాలపు శిల్పం, ఫణిగిరిలో బౌద్ధ శిల్పం, వాడపల్లి దగ్గర కృష్ణా మూసీ సంగమం, జాన్‌పహాడ్ దర్గా. ఆదివారం ఒక స్కెచ్ పుస్తకం పట్టుకుని బస్సెక్కితే చాలు.

మూడోది ఆడపిల్లను హైదరాబాదు పంపడం. సూర్యాపేటకు, కోదాడకు రైలు లేదు. హైవే మీద బస్సే ఆధారం. రోజూ వెళ్లి రావడం కుదరదు. మంచి హాస్టలు దొరికితేనే తల్లిదండ్రులు ఒప్పుకుంటారు. ఎందరో తెలివైన ఆడపిల్లల చదువు ఆగేది ఇక్కడే.

దాతలు ఎక్కడ చేయి వేయాలి?

ప్రభుత్వ సాయం ముందు వాడుకోవాలి. ఇ-పాస్ ద్వారా మైనారిటీ, బి.సి. విద్యార్థులకు ట్యూషన్ ఫీజు, ఉపకార వేతనం ఉన్నాయి. కుటుంబ ఆదాయ పరిమితి గ్రామాల్లో ఏడాదికి 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు. బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది. ఆదాయ, కుల ధృవీకరణ పత్రాలు వేసవిలోనే తీయించి పెట్టాలి. మీసేవ చుట్టూ చివరి వారంలో తిరిగి సీటు పోగొట్టుకున్నవారున్నారు.

ఆ సాయం చేరని చోట్లు కొన్ని ఉన్నాయి. మన డబ్బు అక్కడికి వెళ్లాలి.

ఒకటి, ప్రవేశ పరీక్షకు ముందటి ఏడాది. కార్ట్రిడ్జ్ కాగితం, పోస్టర్ రంగులు, కుంచెలు, పరీక్ష ఫీజు, హైదరాబాదుకు ఒక రోజు ప్రయాణం. ఒక పిల్లకు ఇది పెద్ద మొత్తం కాదు. ఇది లేకనే పరీక్ష రాయనివారు ఉన్నారు.

రెండు, నాలుగేళ్ల పాటు సామగ్రి. బి.కాం. విద్యార్థికి పుస్తకం ఒకసారి కొంటే సరిపోతుంది. కళ చదివేవారికి కాన్వాసు, రంగులు నెలనెలా అయిపోతుంటాయి. ఫీజు మాఫీ అయినా రంగుల ఖర్చు మాఫీ కాదు. ఈ సాయం ఒకేసారి ఇవ్వకుండా సెమిస్టరు సెమిస్టరుకూ, మార్కుల జాబితా, చేసిన చిత్రాలు చూసి ఇస్తే లెక్క కూడా సరిగా ఉంటుంది.

మూడు, ఆడపిల్లల హాస్టలు ఖర్చు.

నాలుగు, లోయర్, హయ్యర్, టి.టి.సి. చేసినవారికి మన పిల్లల బడుల్లో, వేసవి దీనీ తరగతులకు తోడుగా వారానికి రెండు రోజులు పని. దానికి కొద్దిపాటి గౌరవవేతనం ఇస్తే చదివినవారికి అనుభవం వస్తుంది, పిల్లలకు టీచరు దొరుకుతారు.

వీటిలో దేనికి జకాత్ సొమ్ము వాడవచ్చు, దేనికి సదఖా, సాధారణ చందాల నుంచి ఇవ్వాలి అన్నది ఉలమాలను అడిగి కమిటీ నిర్ణయించుకోవాలి.

ఎవరికి ఇవ్వాలన్నది కూడా కష్టమైన పని కాదు. దరఖాస్తుతో పాటు ఏడాదిలో గీసిన బొమ్మలన్నీ తెమ్మనాలి. అందంగా ఉన్న పది బొమ్మల కంటే తేదీలు వేసి రోజూ గీసిన స్కెచ్ పుస్తకం ఎక్కువ చెబుతుంది. చిన్న పిల్లలకు ఒక గంట బోధించమని చూడాలి. ఓపిక ఉందో లేదో ఆ గంటలో తెలుస్తుంది. టీచరు వృత్తికి అది మొదటి అర్హత.

మూడు పట్టణాల నుంచి ఏటా ఒక్కొక్కరిని ఎంచుకుని నిలబెట్టినా నాలుగేళ్లలో పన్నెండుమంది విశ్వవిద్యాలయంలో ఉంటారు. వారిలో సగంమంది బడికి చేరినా, ఒక్కొక్కరి ముందు ఏటా కొన్ని వందలమంది పిల్లలు కూర్చుంటారు. వచ్చే జూన్‌లో బి.ఎఫ్.ఏ. అని రాసిన దరఖాస్తు వస్తే పక్కన పెట్టకండి. ఆ పిల్ల స్కెచ్ పుస్తకం ఒకసారి తెరిచి చూసి, ఆ తర్వాత నిర్ణయించండి.